మాటలు రాసే ఫోను

గురజాలలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్క సందులో, దస్తావేజులు రాసే వెంకటేశ్వర్లు గారి గదిలో చిన్నారి టైపిస్టు. పేరు విని కొత్తవాళ్లు చిన్నపిల్ల అనుకుంటారు గానీ ఆమెకు నలభై ఆరేళ్లు. ఇంట్లో ముద్దుగా పిలుచుకున్న పేరే బాప్తిస్మంలోనూ బడిలోనూ పడిపోయి, ఆఖరికి ఆధార్ కార్డులో కూడా అదే నిలిచింది.

ఒక మధ్యాహ్నం, రిజిస్ట్రేషన్లకు వచ్చిన వాళ్లంతా హోటళ్లకు పోయిన వేళ, ఆమె ఫోన్ వణికింది. చూస్తే నోటీసు. వచ్చే నెల నుంచి మీ ప్లాన్ ధర మారుతోంది అని. మారుతోంది అంటే పెరుగుతోంది. ఇది రెండోసారి. మొదట వందలోపు ఉండేది. పోయినేడు రెండింతలైంది. ఇప్పుడు ఐదొందల దాకా వచ్చింది. కింద రెండు బటన్లు, కొనసాగించండి అని ఒకటి, రద్దు చేయండి అని ఒకటి. చిన్నారి రెండింటినీ చూసింది. ఫోన్ బోర్లా పెట్టి అన్నం డబ్బా మూత తీసింది.

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటల్ని తెర మీద తెలుగు అక్షరాలుగా రాసి చూపించే యాప్ అది. చిన్నారికి చెవులు వినపడవు.

పుట్టుకతో వచ్చిన చెవుడు కాదు. మూడేళ్ల కిందట వానాకాలంలో ఒక జ్వరం పట్టుకుని పది రోజులు వదల్లేదు. జ్వరం తగ్గాక ఎడమ చెవి పోయింది. కుడి చెవి ఇంకో రెండు నెలలు ఆగి పోయింది. గుంటూరు డాక్టరు నరం దెబ్బతిన్నదన్నాడు. ఆపరేషన్ ఉంది, లక్షల్లో అవుతుంది, చేసినా పాత వినికిడి రాదు అని కాగితం మీద రాసి చూపించాడు. చెవిలో పెట్టుకునే మిషను కొన్నారు. అది పెట్టుకుంటే మాట బదులు రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టు ఒకటే మోత. తీసి బీరువాలో పెట్టింది.

ఆమె ఏడవలేదు. చర్చిలో ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటే, వాళ్ల నోళ్లు కదలడం చూస్తూ నిలబడింది. ఇంట్లో ప్రెషర్ కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో తెలియక అన్నం మాడిపోతుంటే, కుక్కరు మాని గిన్నెలో వండటం మొదలుపెట్టింది. అంతే.

యాప్ వేసి ఇచ్చింది కూతురు నిఖిత. గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. ఉచితంగా దొరికేవి కూడా రెండు దించి చూసింది. ఒకటి మాట మాటకీ మైకు నొక్కమంటుంది, ఇంకోటి ఊపిరి పీల్చుకునే లోపల ఆగిపోతుంది. ఇదొక్కటే బల్ల మీద పెడితే చాలు, గదిలో మాట్లాడిందంతా రాసుకుంటూ పోయేది.

మొదటి వారం ఇల్లంతా సంబరమే. జయకర్ కూడా ఫోన్ ముందు కూర్చుని మాట్లాడాడు. జయకర్ ఆమె భర్త. పిడుగురాళ్ల డిపోలో కండక్టరు. అయితే ఆ యాప్‌కు వచ్చిన తెలుగు టీవీ వార్తల్లో చదివే తెలుగు. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం పొల్లు పోకుండా రాసేది. పల్నాడు మాట దగ్గరికి వచ్చేసరికి తడబడేది. పప్పుచారు పొయ్యి అని జయకర్ అంటే, "పప్పు చాలు పోయి" అని పడేది. ఆమె వడ్డించకుండా చెయ్యి వెనక్కి తీసుకునేది. చానా అన్న మాట ఎప్పుడొచ్చినా "ఛానల్" అయ్యేది.

అందరికంటే ఎక్కువ తంటా అత్త పిచ్చమ్మ మాటతో. ఆమెకు డెబ్బై దాటింది, ముందు పళ్లు లేవు, చదువు లేదు. పుట్టిన ఊరు రెంటచింతల. ఆ ఊరి సంగతి ఎత్తినప్పుడల్లా యాప్ "రెండు చింతలు" అని రాసేది. అత్తకు ఉన్న ఆ రెండు చింతలు ఏమిటా అని చిన్నారి కొన్నాళ్లు ఆలోచించింది కూడా.

కాలం గడిచే కొద్దీ జనం ఆ ఫోన్ అంటే జంకడం మొదలుపెట్టారు. ఒకసారి చర్చిలో ఆడవాళ్ల కూటం జరుగుతుంటే, వెనక వరసలో ఎవరో అన్న మాట తెర మీద పడింది. "ఆమె వినదులే, ఏం చెప్పినా చెవిటి దాని ముందు శంఖమే." ఎవరన్నారో యాప్ చెప్పదు. చిన్నారి తల తిప్పి చూసింది. ఆ చూపుతో వెనక వాళ్లకు సంగతి తెలిసిపోయింది. ఆనాటి నుంచి ఆమె ఫోన్ బల్ల మీద పెడితే చాలు, దగ్గరున్న వాళ్లు నోరు కట్టేసుకునేవాళ్లు. అసలు మాటలన్నీ వాకిట్లోకి పోయి మాట్లాడుకునేవాళ్లు.

ఇంట్లో జయకర్ కూడా సైగల్లోకి దిగాడు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటు ఉండటం లేదు. పొద్దుటి నుంచి జనం మధ్య అరిచి అరిచి ఇంటికి వస్తే అతనికి నోరు తెరవబుద్ధి కాదు. నోటి దగ్గర వేళ్లు చేర్చి చూపితే అన్నం. బొటనవేలు పెదవికి ఆనిస్తే మంచినీళ్లు. తాళం తిప్పినట్టు చేస్తే బండి తాళాలు. సంసారానికి ఇంతకంటే ఎక్కువ మాటలు అక్కర్లేదని ఇద్దరికీ మెల్లగా అలవాటైపోయింది.

ఫోన్‌తో మాట్లాడటం మానని మనిషి పిచ్చమ్మ ఒక్కతే. సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చి వాకిట్లో కూర్చోగానే, ఆమె మంచం మీద నుంచి చెయ్యి చాపి ఫోన్ తీసుకునేది. చర్చిలో పాటలు పాడేవాళ్లు మైకు పట్టుకున్నట్టు నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టేది. ఎవరి గేదె ఈనిందో, మిరప కోతలకు కూలీలు ఎక్కడి నుంచి దిగారో, ఆమె చిన్నప్పుడు సున్నపురాయి గనుల్లో తట్ట మోసిన సంగతో. సగం తప్పుల తడకగానే పడేది. చిన్నారి చదివినంత చదివి, మిగతాది వదిలేసి, తల ఊపేది.

నోటీసు వచ్చిన రోజు రాత్రి అన్నాల దగ్గర చిన్నారి భర్తను అడిగింది.

"ఫోన్లో ఆ యాప్‌కి మళ్లా రేటు పెంచారు. ఉంచేదా, తీసేసేదా?"

తన గొంతు ఎంత పైకి లేస్తుందో ఆమెకు తెలియదు. జయకర్ అరచెయ్యి కిందికి వంచి, మెల్లగా అన్నట్టు చూపించాడు. తర్వాత ఫోన్ వైపు వంగి ఒక మాట అన్నాడు. తెర మీద ఒక్క తప్పు లేకుండా పడింది. "నీ ఇష్టం."

డబ్బులు లేక కాదు. ఇద్దరికీ జీతాలు వస్తున్నాయి. దేనికోసం కట్టాలి అన్నదే ఆమెకు తేలలేదు. ఆఫీసులో వెంకటేశ్వర్లు గారు డిక్టేషన్ చెప్పడం ఎప్పుడో మానేసి, చిత్తుప్రతి చేత్తో రాసి ఇస్తున్నాడు. ఇంట్లో సైగలు. చర్చిలో బైబిలు తెరిస్తే వాక్యం ఎటూ కనపడుతుంది. నిఖితకు మెసేజ్ పెడితే, "ఉంచు మమ్మీ, నేను పంపిస్తాలే" అని వచ్చింది. కూతురి దగ్గర తీసుకోవడం ఎందుకనుకుంది. ఉంచనూ లేదు, తీసేయనూ లేదు. కొత్త ధరకు అనుమతి ఇవ్వమని ఫోన్ రెండుసార్లు అడిగింది. ఆమె దేనికీ వేలు పెట్టలేదు. నెలాఖరు వచ్చింది, యాప్ ఆగిపోయింది.

అది తెరిస్తే ఇప్పుడు బూడిద రంగు పేజీ ఒకటి వస్తుంది. మీ గడువు ముగిసింది, సేవలు కొనసాగించడానికి చెల్లించండి అని మధ్యలో నాలుగు వరుసలు.

ఎవరూ కనిపెట్టలేదు. జయకర్ ఎప్పటిలా వేళ్లు చూపించి అన్నం తిన్నాడు. ఆఫీసులో ఒకసారి మాత్రం వెంకటేశ్వర్లు గారు నోటితో చెప్పిన మార్పు ఆమెకు అందక, ఒక పొలానికి తూర్పు హద్దు పడమట పడింది. ఆయన విసుక్కోకుండా కాగితం మీద రాశాడు, "ఏం పర్లేదు చిన్నారమ్మా, ప్రింటు తీయలేదుగా." ఆమె దిద్దింది. ఇంతేనా ఆ యాప్ చేసిన పని అనిపించింది. ఆ అనిపించడంలో బాధ లేదు, ఊరట కూడా లేదు.

యాప్ ఆగిన మొదటి సాయంత్రమే పిచ్చమ్మ ఫోన్ కోసం చెయ్యి చాపింది. ఆగిపోయిందని చెబుదామని చిన్నారి నోరు తెరవబోయింది. ఈలోపల ముసలామె ఫోన్ నోటి దగ్గర పెట్టేసుకుంది. కాసేపు చెప్పి, తెర కోడలి వైపు తిప్పి, గడువు ముగిసింది అన్న అక్షరాల మీద వేలు పెట్టి, రాసిందా అన్నట్టు కళ్లెగరేసింది.

చిన్నారి తల ఊపింది.

చెబితే మళ్లీ ఎందుకు ఆగింది, ఎంత కట్టాలి, ఎవరు కట్టాలి అన్నవన్నీ వస్తాయి. అంత మాట్లాడే ఓపిక ఆమెకు ఆ పూట లేదు. రేపు చెబుదామనుకుంది. మర్నాడు కూడా అట్లాగే గడిచింది. తర్వాత అదే అలవాటైంది. సాయంత్రం పిచ్చమ్మ చెప్పేది. చిన్నారి ఆమె ముఖం చూస్తూ, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, మధ్యమధ్యలో తల ఊపేది. ముసలామె నవ్వినప్పుడు తనూ కొంచెం పెదవులు కదిపేది.

అట్లా మూడు వారాలు పోయాక ఒక సాయంత్రం పిచ్చమ్మ చెప్పడంలో ఏదో తేడా కనపడింది. ఎప్పటిలా చేతులు తిప్పడం లేదు. ఫోన్ రెండు చేతులా పట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది. చెప్పడం అయ్యాక తెర తిప్పి చూపించింది. కోడలి ముఖంలోకి చూస్తూ ఆగింది. చిన్నారి తల ఊపింది. పిచ్చమ్మ ముందుకు వంగి ఆమె మోకాలు మీద చెయ్యి వేసి, ఇంకేదో చిన్న మాట అడిగింది. చిన్నారి మళ్లీ తల ఊపింది. ముసలామె కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. ఏ పాత సంగతో గుర్తొచ్చి ఉంటుందిలే అనుకుంది చిన్నారి.

మర్నాడు ముహూర్తాల రోజు. రిజిస్ట్రేషన్లు ఎక్కువగా ఉంటాయని ఆమె పెందలాడే బయల్దేరింది. అప్పటికే పిచ్చమ్మ స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. వస్తా అన్నట్టు చిన్నారి చెయ్యి ఊపింది. పిచ్చమ్మ కూడా సరేనన్నట్టు చెయ్యి ఊపింది.

సాయంత్రం సందు మలుపు తిరిగేసరికి అత్త గడప మీద కూర్చుని కనపడింది. అదే చీర. ఒళ్లో గుడ్డసంచి. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం అంచు బయటికి వచ్చి ఉంది. చిన్నారిని చూసి ఆమె ఏదో అంది. అని ముఖం గోడ వైపు తిప్పేసుకుంది.

"ఏందత్తా? ఏమైంది?"

పిచ్చమ్మ తిరగలేదు. ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకున్న మాబున్నీసా అది చూసి వచ్చింది. ఆమె చిన్నారికి ఏదైనా చెప్పాలంటే తన ఫోన్లో టైపు చేసి చూపిస్తుంది. ఈసారి కూడా నిలబడి వేళ్లతో కొట్టి ఇచ్చింది.

"అక్కా, అత్త పొద్దుటి నుంచి నీకోసం కూర్చునే ఉంది. తమ్ముడు పేతురికి పక్షవాతం వచ్చిందంట. రెంటచింతల తీసుకుపోతానని నిన్న ఒప్పుకున్నావంట కదా. ఒక పూట సెలవు పెట్టి వస్తావనుకుంది. అన్నం పెడతానన్నా తినలేదు, కోడలొస్తే పోతాం అంటా ఉంది."

చిన్నారి రెండుసార్లు చదివింది. జయకర్ చెల్లెలి పెళ్లిలో మేనమామ పేతురును మర్యాదకు పేరు పెట్టి ముందుకు పిలవలేదని మొదలైన పట్టింపు ఒకటి ఉంది. ఆనాటి నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు. జయకర్ ముందు మామ పేరెత్తితే లేచి పోతాడు. అందుకే ముసలామె కొడుకును అడగకుండా కోడలిని అడిగింది.

సిగ్గు పడాల్సిన సమయం అది. చిన్నారి ఆ సిగ్గు కోసం తనలో వెతుక్కుంది. చెయ్యి మీద పడుకుని లేచినప్పుడు వేళ్లు తనవి కానట్టు ఉంటాయే, అట్లా ఉంది లోపలంతా.

"అత్తా," అంది. "ఆ ఫోన్ రాయటంలా. ఆగిపోయి చానా రోజులైంది. నువ్వు చెప్పింది నాకు తెలవదు."

పిచ్చమ్మ అప్పుడు తిరిగి చూసింది. కోడలి ముఖం, చేతిలో ఫోను, మళ్లీ ముఖం చూసింది. ఒక మాట అంది. చిన్నారి మాబున్నీసా వైపు చూసింది. మాబున్నీసా టైపు చేయడానికి కొంచెం తటపటాయించి, చేసింది.

"అట్టయితే ఇన్నాళ్లు నేను చెప్పినయ్యన్నీ ఏడబోయినయ్యి? అని అడుగుతోంది."

చిన్నారి చెప్పులు విప్పింది. లోపలికి పోయి గిన్నెలు తోమింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఎసరు కాగే లోపల ఫోన్ తీసి, బూడిద పేజీలో ఉన్న బటన్ నొక్కి, పిన్ కొట్టి, కొత్త ధర కట్టేసింది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుందని పక్కన ఇంకో గడిలో రాసి ఉంది. ఆమె నెలకే కట్టింది. తెర తెల్లగా అయింది. పైన చిన్న చుక్క కదులుతూ ఉంది, ఎవరైనా మాట్లాడితే రాద్దామని. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

నాలుగు రోజులు పిచ్చమ్మ ఫోన్ ముట్టుకోలేదు. చిన్నారి మంచం మీద ఆమెకు అందేంత దూరంలో పెట్టేది. ఆమె దాన్ని ఒక పక్కకు నెట్టి పడుకునేది. ఐదొందలు పోసి కొన్న తెల్ల తెర అట్లాగే ఉండేది. ఒకసారి వీధిలో ఉల్లిపాయల బండి వాడి కేకలు వచ్చి పడ్డాయి. అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నారి ఇంటికి రాకుండా, అత్త చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది. జయకర్‌కు డ్యూటీ. అతనికి ముందు రోజు చెప్పింది. "మీ మామని చూట్టానికి పోతన్నాం." అతను తలెత్తి చూశాడు. అడ్డం చెప్పలేదు, సరేననీ అనలేదు. మాచర్ల బస్సెక్కి రెంటచింతల్లో దిగారు.

పేతురు మంచంలో ఉన్నాడు. కుడి పక్కంతా పడిపోయింది, మూతి ఒక వైపు లాగేసింది. అతని కోడలు ఇద్దరికీ నీళ్లిచ్చి స్టూలు వేసింది. చిన్నారి ఫోన్ మంచం పట్టె మీద ఆనించి పెట్టింది. పేతురు మాట్లాడాడు. గొంతు నరాలు కదలడం కనపడుతూనే ఉంది. తెర మీద మాత్రం చుక్కలు తప్ప ఒక్క అక్షరం పడలేదు. ఆ మాట యాప్‌కు అందలేదు. పిచ్చమ్మకు అందింది. జవాబులు చెబుతోంది. ఆమె చెప్పేవి మాత్రం ఒకదాని కింద ఒకటి పడసాగాయి.

"తింటన్నావా."

"ఏం కూర."

"వాడు రాలేదు. వాడి డ్యూటీ వాడిది. వస్తాడులే."

"ఏడవకరా."

చాలాసేపు చుక్కలే. తర్వాత ఇంకొన్ని వరుసలు వచ్చాయి.

"ఇది నా కోడలు. చెవులు వినపడవు. ఫోను రాస్తది. ఫోను ఆగిపోతే చెప్పలేదు. నేను అడిగితే తలుపు ఇది."

తలుపు ఇది. చిన్నారి ఆ రెండు మాటల దగ్గర ఆగింది. గదికి ఉన్న తలుపు వైపు చూసింది. కాసేపటికి తెలిసింది. తలూపింది. అత్త అన్న మాట అది. ఆమె చదువుతున్నదని పిచ్చమ్మకు తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు, పక్కకు తిరిగి చెప్పలేదు. ఫోన్ ఉందని నోరు కట్టుకోలేదు.

"అయినా తీసుకొచ్చింది" అని కింద ఇంకో వరుస పడింది.

చిన్నారి ఆ వరుస పైకి జరిగిపోకుండా వేలు పెట్టి పట్టుకుంది. ఈలోపల పేతురు కోడలు టీ తెచ్చింది. గ్లాసు వేడిగా ఉంది. అంచు పట్టుకుని తాగింది.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. పిచ్చమ్మను ఎవరో పిలిచి కూర్చోబెట్టారు. చిన్నారి కడ్డీ పట్టుకుని నిలబడి గురజాల దాకా వచ్చింది.

ఆ రాత్రి జయకర్ అన్నాల దగ్గర ఫోన్ తనవైపు లాక్కున్నాడు. "ఎట్లా ఉన్నాడు" అని పడింది. చిన్నారి చెప్పింది. అతను విని, కంచంలో వేళ్లు కాసేపు తిప్పి, మళ్లీ వంగాడు. "ఏడాదికి కట్టొచ్చుగా, తగ్గుద్ది." ఆమె అత్త మంచం వైపు చూసింది. ముసలామె అప్పటికే నిద్రపోయింది.

"ఏ నెలకానెల కడతాలే" అంది. అతను సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

పిచ్చమ్మ మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకుంది గానీ ఇప్పుడు ఊరికే నమ్మడం లేదు. ఒక మాట చెప్పి, తెర కోడలి వైపు తిప్పి, చదవమంటుంది. చిన్నారి పైకి చదవాలి. చదివితేనే రెండో మాట చెబుతుంది. తన గొంతు వీధిలోకి ఎంత వినపడుతుందో చిన్నారికి తెలియదు. మాబున్నీసా మిషను ఆపి కిటికీలోంచి చూడటాన్ని బట్టి గట్టిగానే చదువుతున్నట్టుంది. తప్పు పడిన చోట పిచ్చమ్మ తల అడ్డంగా ఊపి, మళ్లీ చెబుతుంది. ఒక్కోసారి ఒకే మాట నాలుగైదు సార్లు.

మొన్న ఏదో మేక సంగతి మొదలుపెట్టింది. ఎవరి మేకో, ఎప్పటి మేకో తేలలేదు. మేక అన్నప్పుడల్లా మేకు అని పడింది. చిన్నారి ఉన్నదున్నట్టు చదువుతూ పోయింది. ముసలామె చివరికి విసిగి, ఫోన్ కింద పెట్టి, రెండు చూపుడు వేళ్లు తల మీద కొమ్ముల్లా పెట్టుకుని చూపించింది.

"మేకా?" అంది చిన్నారి.

పిచ్చమ్మ ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంకా టైముంది. చిన్నారి పీట కొంచెం దగ్గరికి జరుపుకుని కూర్చుంది.